జాకీ కట్టుకున్న చీర

చోడవరం మెయిన్ రోడ్డు మీద ముప్పై నాలుగేళ్ళుగా కార్లు బాగుచేస్తున్నాను. నా పేరు కృపారావు. మా చర్చిలో సంఘపెద్దని. అబద్ధం ఆడను. ఈ చివరి ముక్క గొప్ప కోసం చెప్పడం లేదు. దానివల్ల పదకొండేళ్ళు నేను పడ్డ అవస్థ మీకు అర్థం కావాలని ముందే చెప్పి పెడుతున్నాను.

అవస్థ నాదే గాని కథ మాత్రం వేంకటరమణమూర్తిగారిది. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన స్కూటరు సంతలోకి వస్తోందంటే చాలు, కాటా పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించుకున్నవాళ్ళు గబగబా ఊడబీక్కునేవారు. ఎవరి కొట్లోనూ అరటిపండు ముట్టలేదు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు తప్ప తాగలేదు. బెల్లం దిమ్మల పక్కన నిలబడాల్సి వస్తే వాసన కూడా ఊరికే పీల్చకూడదని ముక్కు మూసుకునేవారని ఆయన ఆఫీసు ప్యూను చెప్పేవాడు. అది నేను నమ్మను గాని, అలా చెప్పుకునేంత నిక్కచ్చి మనిషి. అలాంటాయన జన్మలో ఒక్క దొంగతనం చేశారు. ఆ దొంగసొత్తు ఆయన కారు డిక్కీలో, జాకీ చుట్టూ ఉండేది.

కారు ఫియట్. ఎనభై నాలుగో సంవత్సరంది. పెరుగు రంగు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. ఇప్పటి కార్లలో జాకీ ఎక్కడుందో ఓనరుకే తెలీదు. పంక్చరైతే రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో ఎవరినో తిడుతూ ఉంటారు. మూర్తిగారి డిక్కీ అలా కాదు. అందులో పానాలు, స్క్రూడ్రైవర్లు, చక్రాల కింద పెట్టే చెక్కముక్క, స్టెప్నీ, అన్నిటికీ పెయింటుతో చోటు గీసి నంబర్లు రాశారు. మూడో నంబరు పానా నాలుగో నంబరు గీతలో పెట్టానని ఒకసారి నన్ను ఇంటి నుంచి వెనక్కి పిలిపించారు. నేను భోజనం మధ్యలో లేచి వెళ్ళాను. జాకీది తొమ్మిదో నంబరు. స్టెప్నీ పక్కన దానికో తోలు పటకా ఉండేది. పాతికేళ్ళు దాటేసరికి ఆ పటకా పుచ్చిపోయి తెగింది. తెగిన సంగతి ఎవరూ చూడలేదు. కారు మాత్రం టకటకమనడం మొదలెట్టింది.

మూర్తిగారికి చప్పుడంటే గిట్టదు. పాలగిన్నె మూత కదిలితే వంటింట్లోకి వెళ్ళి సర్దే మనిషి. ఆ టకటక ఎక్కణ్ణించి వస్తోందో కనుక్కోవడానికి రెండు నెలలు నా ప్రాణం తీశారు. తలుపులు విప్పించారు. సైలెన్సరు విప్పించారు. చివరికి ఓ రోజు, "కృపారావూ, నువ్వు డిక్కీలో కూర్చో," అన్నారు.

"ఊపిరాడదండీ," అన్నాను.

"మూత జానెడు తెరిచి తాడుతో కడతాను. నువ్వు చప్పుడు వినడం మీద దృష్టి పెట్టు."

రోలుగుంట దాకా నన్ను అలాగే తీసుకెళ్ళారు. అక్కడ టీ కొట్టు ముందు ఆపి డిక్కీ తెరిస్తే, మోకాళ్ళు పట్టేసి, నెత్తి మీద దుమ్ముతో నేను దిగాను. టీ తాగుతున్న పదిమందీ గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. మూర్తిగారు వాళ్ళకి మర్యాదగా నమస్కారం పెట్టి, "ఏం లేదండీ, చప్పుడు కోసం," అన్నారు. ఇది విని వాళ్ళకి ఇంకా భయం వేసింది.

చప్పుడు జాకీదని అలా తేలింది. దారి పొడుగునా అది నా వీపు మీదే పడుతూ వచ్చింది మరి. కొత్త పటకా వేస్తే పటకా కిర్రుమంది. బెల్లం గోనె చుడితే చీమలు పట్టి డాష్‌బోర్డు దాకా వచ్చి, అక్కణ్ణించి ఆయన భార్య దుర్గాంబగారి జడ ఎక్కాయి. ట్యూబు రబ్బరు చుడితే కీచుమంది. స్పాంజి చుడితే ఎలక పిల్లల్ని పెట్టింది. ఏం చుట్టాలో తెలీక మూర్తిగారికి నిద్ర కరువైంది. ఒకరోజు నా పాత షర్టు మీద కూడా ఆయన కన్ను పడింది. నేను గుండీలు పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చే మంగాయమ్మ నెలకోసారి మా వీధికి వచ్చేది. దుర్గాంబగారు అరుగు మీద రెండు మూటలు పెట్టారు. ఒకటి మంగాయమ్మకి. రెండోది ముడతలు తీయించడానికి రోలింగు షాపుకి పంపే మంచి చీరలది. రెండూ పాత దుప్పట్లలోనే కట్టారు. మూర్తిగారు రెండు మూటల్లోనూ చెయ్యి పెట్టి, ఏది మెత్తగా ఉందో చూసి ఒక చీర లాగారు. మెత్తదనం కొలవడంలో కూడా ఆయనది నిక్కచ్చే. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మెత్తటి చీర అదే. దాన్ని ఆరు గజాలూ జాకీకి చుట్టి, దారం కట్టి, కాటాలకి సీలు వేసిన అలవాటు కొద్దీ ముడి మీద లక్కతో సీలు కూడా వేశారు. కారు నడిపి చూస్తే చప్పుడు లేదు. సంతోషం పట్టలేక నా షాపు దాకా వచ్చి హారను కొట్టి వెళ్ళారు.

అది వంకాయ రంగు పొందూరు చీర. దుర్గాంబగారి అమ్మగారు అచ్చియ్యమ్మగారు పోయే ముందు కూతురి చేతిలో పెట్టిన చీర.

సాయంత్రం దుర్గాంబగారు మూట లెక్క చూసుకుని, "నా వంకాయ రంగు చీరేది?" అన్నప్పుడు గాని మూర్తిగారికి తను ఏం చేశారో తెలియలేదు. నేనైతే అప్పుడే చెప్పి నాలుగు తిట్లు తినేవాణ్ణి. ఆయన రేపు చెబుదాం అనుకున్నారు. రేపటికి చీరకి జాకీ గ్రీజు పట్టింది. ఎల్లుండికి అసలు ముప్పు వచ్చింది. మూర్తిగారి చెల్లెలు రాజ్యంగారు దేవరాపల్లిలో ఉంటారు. ఆవిడ రెండు రోజులు అన్నగారింట్లో ఉండి, చీర మాయమైన రోజు ఉదయమే బస్సెక్కి వెళ్ళారు. వెళ్ళే ముందు అదే చీర చేత్తో నిమిరి, "వదినా, ఇది నాకియ్యకూడదేటి?" అన్నారు. ఇంకేముంది. దుర్గాంబగారికి చీర ఎక్కడికి వెళ్ళిందో తెలిసిపోయింది.

పైకి అనకుండా ఊరుకున్నా బావుండేది. ఒక బారసాలలో నలుగురి మధ్యా, "కొందరికి మనం ఇచ్చే చీర నచ్చదు, మనం దాచుకున్నదే కావాలి," అన్నారు. రాజ్యంగారు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాత వదినా ఆడపడుచుల మధ్య మాటల్లేవు. పదకొండేళ్ళు. ఒకరింట్లో శుభకార్యమైతే రెండోవాళ్ళకి కార్డు పోస్టులో వచ్చేది.

ఆ వారమే మూర్తిగారు నా షాపుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, అంతా చెప్పారు. ఆయన మొహంలో రక్తం లేదు.

"ఇప్పుడు చెబితే చీర దొంగనే కాదు, చెల్లెలి మీద నింద పడుతుంటే నోరు మూసుకున్నవాణ్ణి కూడా అవుతాను కృపారావూ."

"అయ్యేరు కదండీ ఇప్పటికే," అన్నాను.

"నువ్వు ఎవరికీ చెప్పకు."

"నాను అబద్ధం ఆడనండి. అడిగితే సెప్పేస్తాను."

"అబద్ధం ఆడొద్దు. అడక్కపోతే చెప్పకు. అంతే."

ఒప్పుకున్నాను. నాకూ ఆయనంటే అభిమానం. పది ఆజ్ఞలలో నోరు మూసుకోకూడదని ఎక్కడా లేదు, నేను చూశాను. అయినా మనసు కుదురుగా లేక ఒక ఆదివారం మా పాస్టరుగారిని, "అయ్యగారూ, తెలిసిన సంగతి అడక్కపోతే చెప్పకపోవడం పాపమాండి?" అని అడిగాను. ఆయన నా వైపు అదోలా చూసి, ఆ తరువాత మూడు వారాలు దొంగతనం మీద వాక్యం చెప్పారు.

చీర తీసేసి వేరేది చుట్టచ్చు కదా అని మీరనచ్చు. నేనూ అన్నాను. ఏది చుట్టినా చప్పుడు వస్తుంది. చప్పుడొస్తే దుర్గాంబగారు, "ఇన్నాళ్ళూ లేనిది ఇదేటి?" అని డిక్కీ తెరుస్తారు. పోనీ చీర పారేద్దామంటే, అత్తగారి చీర పారెయ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదు. ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఇక డిక్కీ తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు. దసరాకి కారు పూజలో డిక్కీ మూత రెండంగుళాలు తెరిచి, ఆ సందులోంచి లోపలికి కుంకం చల్లేవారు. రోజూ పొద్దున్నే నాలుగు చక్రాల గాలీ చూసేవారు. దుర్గాంబగారు కార్లో ఉండగా రెండుసార్లు పంక్చరైతే రెండుసార్లూ ఆవిణ్ణి బస్సెక్కించారు. ఊళ్ళో అందరూ ఆయనకి సామాన్ల పిచ్చి అనుకున్నారు. దుర్గాంబగారూ అదే అనుకున్నారు. నేను మాత్రం రోజూ షాపు తెరిచే ముందు వాళ్ళింటికి వెళ్ళి, ఆవిడ చేతి కాఫీ తాగి, నోరు తుడుచుకుని వచ్చేవాణ్ణి.

ఈ ఏడాది మాఘంలో రాజ్యంగారి అమ్మాయి ఫణిశ్రీ పెళ్ళి కుదిరింది. కార్డు పోస్టులోనే వచ్చింది. కాని పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకురావలసింది మేనమామ. మూర్తిగారు తప్ప ఇంకో మేనమామ లేడు. పైగా ఆ పిల్లే ఫోన్ చేసి, "మావయ్యా, అత్తయ్య రాకపోతే నేను గంపలో కూర్చోను," అని పెట్టేసింది. దుర్గాంబగారు ఒక రోజంతా ఆలోచించి, "పిల్ల కోసం వస్తాను. దాని తల్లితో మాట్లాడను. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టను," అన్నారు. అని, ఫ్లాస్కులో కాఫీ పోసుకున్నారు. నాకూ పిలుపు ఉంది. కారు దారిలో ఏ పేచీ పెడుతుందోనని నన్ను వెనక సీట్లో ఎక్కించుకున్నారు.

ముహూర్తం పదకొండూ ఇరవైకి. తొమ్మిదింపావుకి బయలుదేరాం. దుర్గాంబగారు ముందు సీట్లో పట్టుచీరలో బిగుసుకుని కూర్చున్నారు. సగం దారి దాటాక ఒక కల్వర్టు దగ్గర పల్లం దిగబోతుంటే వెనక చక్రం బుస్సుమంది. దిగి చూస్తే, చెరకు బళ్ళు లాగే ఎడ్ల లాడం మేకు టైర్లో దిగి ఉంది.

మూర్తిగారు చక్రాన్ని చూళ్ళేదు. నా మొహం చూశారు.

"జాకీ తియ్యండి మరి," అన్నారు దుర్గాంబగారు.

"నువ్వు ఆటోలో ముందు వెళ్ళు దుర్గా. మేం వెనకాలే వస్తాం."

అప్పుడే ఒక ఆటో వచ్చింది. అందులో ఎనిమిదిమంది పెళ్ళివాళ్ళు ఉన్నారు. ఒక్కరికి చోటు చేస్తామన్నారు. "ఆవిడ గుమ్మం నేను ఒక్కదాన్నీ తొక్కను. మీరెళ్ళండి, గంప మొయ్యాల్సింది మీరు. నేనూ కృపారావూ చక్రం మార్చుకుని వస్తాం," అన్నారు దుర్గాంబగారు. మాట న్యాయంగానే ఉంది. కాని ఆవిడనీ, జాకీనీ, అబద్ధమాడని నన్నూ ఒకచోట వదిలి వెళ్ళడానికి మూర్తిగారికి గుండె చాలలేదు. ఆటో వెళ్ళిపోయింది.

"ఏటండీ ఇది? జాకీ తియ్యరేటి?"

"తియ్యకూడదు. గంప మోసే మేనమామ ఆ పూట ఇనుము ముట్టకూడదు," అన్నారు మూర్తిగారు.

"మరి స్టీరింగు ఏటితో చేసేరు?"

ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు.

"పోనీ కృపారావు తియ్యచ్చు కదా. అతను మేనమామ కాడు. కృపారావూ, జాకీ తియ్యి."

నేను వంగి చక్రం నట్లు లెక్కపెట్టాను.

"జాకీ లేదేటి?"

"ఉందమ్మా," అన్నాను.

"పాడైపోయిందా?"

"లేదమ్మా. నిక్షేపంలాగ ఉంది."

"మరి తియ్యవేటి?"

"మూర్తిగారిని అడగండమ్మా."

ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. ఇంకొక్క ప్రశ్న అడిగితే నేను చెప్పేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే అడగాలనే కోరుకున్నాను. అంతలో చెరకు లోడెత్తే కూలీల ట్రాక్టరు వచ్చింది, ఖాళీ ట్రక్కులో ఏడుగురు మనుషులతో. మూర్తిగారు రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి చేతులు ఊపారు.

వాళ్ళకి పెద్ద అప్పలమ్మ. తలపాగా, మోచేతుల దాకా పాత చొక్కా. కారు చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"కారుంది గానీ జాకీ నేదేటి బాబూ?"

"ఉంది. వాడం," అన్నారు మూర్తిగారు.

"ఉంటే వాడరేటి?"

"అమ్మా, నువ్వు ఎత్తగలవా లేవా?"

"ఎత్తీమంటే ఎత్తెత్తాం. మాకేటి," అంది అప్పలమ్మ.

ఇంకో చిక్కు మిగిలింది. స్టెప్నీ డిక్కీలోనే ఉంది. మూర్తిగారు దుర్గాంబగారిని పల్లంలో కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి, "ఎండ తగులుతుంది, అటు తిరిగి కూర్చో," అన్నారు. మాఘమాసం పొద్దుటెండ ఏం చేస్తుందని ఆవిడ అనలేదు. అటు తిరిగారు. ఈయన జంధ్యం పైకి లాగి, వంగి, మెడతో సహా తాళం తీశారు. నేను స్టెప్నీ దింపాను. ఆ సందులో ఆయనకి ఒక తెలివి పుట్టింది. చీర విప్పేసి సీటు కింద దాచేస్తే జాకీ అందరి ముందూ వాడుకోవచ్చునని. పదకొండేళ్ళలో రాని తెలివి అప్పుడే రావాలా. లక్క సీలు చిదిపి, దారం తెంపి, చీర కొస లాగారో లేదో, "అయిందా?" అంటూ దుర్గాంబగారు ఇటు తిరిగారు. ఈయన హడలిపోయి మూటని డిక్కీ అంచు మీదే వదిలేసి, దానికి అడ్డంగా నిలబడి నవ్వారు. లాగిన కొస డిక్కీ తాళం కొక్కేనికి తగులుకుంది. అది ఎవరూ చూడలేదు.

"ఎత్తండ్రా!" అంది అప్పలమ్మ. ఏడుగురూ బంపరు కింద చేతులు పెట్టారు. కారు వెనక భాగం లేచింది. నేను పాత చక్రం ఊడదీసి స్టెప్నీ తగిలించి నట్లు బిగించాను. నా జన్మలో అంత జోరుగా చక్రం మార్చలేదు. "దించండి," అన్నాను. వాళ్ళు దించలేదు, వదిలేశారు. కారు ధబ్బుమని పడింది. మూట ఎగిరి రోడ్డు మీద పడి పల్లంలోకి దొర్లడం మొదలెట్టింది.

కొస కొక్కేనికి ఉంది కదా. మూట దొర్లేకొద్దీ చీర విప్పుకుంటూ పోయింది. పై పొరలు దుమ్ము కొట్టుకుని ఉన్నా, లోపలి పొరలు మాత్రం నిన్న నేసినట్టు వంకాయ రంగులో మెరిశాయి. మూర్తిగారు వెనకాల పరిగెత్తారు. జాకీ ఆయనకి దొరకలేదు. ఆరు గజాలూ రోడ్డు పొడుగునా పరుచుకున్నాక, గ్రీజుతో నల్లబడ్డ పమిటలోంచి జాకీ బయటపడి, ఇంకో రెండు దొర్లు దొర్లి, దుర్గాంబగారి పాదాల దగ్గర ఆగింది.

"ఓలమ్మో, జాకీకి సీర కట్టినారేటి!" అంది అప్పలమ్మ. కాసేపు ఆలోచించి, తలపాగా తీసి, "ఏ తల్లికి మొక్కుకున్నారో," అని జాకీకి దండం పెట్టింది. మిగతా ఆరుగురూ పెట్టారు.

దుర్గాంబగారు చీర వైపు చూశారు. మొగుడి వైపు చూశారు. చివరికి ఆవిడ చూపు నా మీద ఆగింది.

"కృపారావూ, నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ అమ్మా."

"రోజూ మా ఇంట్లో కాఫీ తాగేవు," అన్నారావిడ. అంతే అన్నారు. తిడితే బావుండేది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ఆవిడ చీరని కొస నుంచి కొస దాకా దులిపి, రోడ్డు మీద నిలబడే, అంచు అంచుకి కలిపి మడత పెట్టారు. రెండో వైపు పట్టుకోడానికి మూర్తిగారు వెళితే, "ముట్టుకోకండి," అన్నారు. అప్పలమ్మ వెళ్ళి పట్టుకుంది. మడత ఒళ్ళో పెట్టుకుని కారెక్కి, "బండి తియ్యండి. ముహూర్తం దాటిపోతంది," అన్నారు. దేవరాపల్లి చేరేదాకా వెనక డిక్కీలో జాకీ ఒక్కటే టకటకమంటూ వచ్చింది.

పందిట్లోకి వెళ్ళేసరికి పదకొండు దాటింది. గుమ్మంలో రాజ్యంగారు నిలబడి ఉన్నారు. వదిన్ని చూసి మొహం పక్కకి తిప్పుకోబోయారు. దుర్గాంబగారు ఎదురుగా వెళ్ళి చీర ఆవిడ చేతుల్లో పెట్టారు.

"ఇదిగో రాజ్యం, నువ్వడిగిన చీర."

రాజ్యంగారు మడత తీసి చూశారు. రంగు గుర్తుపట్టారు. వేళ్ళకి గ్రీజు అంటింది.

"ఇదేటి వదినా, ఇంత జిడ్డు?"

"మీ అన్నయ్య కారు జాకీకి కట్టేడు. పదకొండేళ్ళబట్టి డిక్కీలో ఉంది. నేను నిన్నన్నాను. నలుగురిలో అన్నాను. తప్పు నాది."

రాజ్యంగారు గ్రీజు వేళ్ళతోనే ఆ చీర మళ్ళీ మడత పెట్టారు. సన్నాయి వాయించేవాళ్ళు కూడా ఎందుకో ఆపేశారు.

"ఆ రోజు నేనే తీసి ఉంటే బావుండేదని చాలాసార్లు అనుకున్నాను వదినా," అన్నారావిడ. "మాటలు ఎలాగూ పడ్డాను. చీరైనా దక్కేది."

దుర్గాంబగారు నవ్వారో ఏడ్చారో చెప్పలేను. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకున్నారు. అక్కడున్న ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు. నాకు మాత్రం సిగ్గేసింది. పదకొండేళ్ళలో ఏ ఒక్క రోజు నేను నోరు తెరిచినా ఆవిడకి ఈ మాట అనే పని ఉండేది కాదు. నేను అబద్ధమాడలేదని గుండెల మీద చెయ్యేసుకుని ప్రతి ఆదివారం ముందు బెంచీలో కూర్చున్నాను.

తలలు ఎత్తాక ఇద్దరూ ఒకేసారి మూర్తిగారి కోసం చూశారు. ఆయన అప్పటికే పెళ్ళికూతురి గదిలోకి దూరి గంప పట్టుకుని ఉన్నారు. ఫణిశ్రీ బక్కపిల్లే గాని, పట్టుచీర, నగలు, పూలజడ కలిపి బాగానే తూగింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కదా అని నేనూ ఓ చెయ్యి వెయ్యబోయాను.

"ఆగు కృపారావూ. ఒక్కరినే మొయ్యనీ," అన్నారు దుర్గాంబగారు.

"అవును, అన్నయ్యకి దాచిపెట్టి మొయ్యడం అలవాటే," అన్నారు రాజ్యంగారు.

ఆయన ఆయాసపడుతూ, వంకరటింకరగా, అడుగుకోసారి ఆగుతూ మొత్తానికి మంటపం చేర్చారు. గంపలో ఆ పిల్ల నవ్వాపుకోలేక మేనమామ తల పట్టుకుంది. ముహూర్తానికి ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి. దుర్గాంబగారు మంచినీళ్ళే కాదు, రెండోసారి పులిహోర కూడా వేయించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో దుర్గాంబగారి ఒళ్ళో ఆడపడుచు పెట్టిన కొత్త చీర ఉంది. పాత చీర రాజ్యంగారు ఇవ్వలేదు. కుంకుడురసంలో నానబెట్టి చూస్తానని ఉంచేసుకున్నారు. డిక్కీలో జాకీ దేవరాపల్లి పొలిమేర దాటకుండానే మొదలెట్టింది. రెండు మైళ్ళు మూర్తిగారు పళ్ళు బిగబట్టారు. మూడో మైలులో ఆయన చూపు మెల్లిగా, తనకి తెలీకుండానే, ఆవిడ ఒళ్ళోకి పోయింది.

దుర్గాంబగారు ఆ చీర తీసి కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు.

"మేనమామకి పట్టుపంచెల చాపు పెట్టేరుగా. అది చుట్టండి," అన్నారు.

ఆయన కారు ఆపి, కొత్త పట్టుపంచె తీసుకెళ్ళి, నా ఎదురుగా జాకీకి చుట్టారు. దాని మీద సీలు వెయ్యలేదు. ఇంటికి వచ్చాక తాళంచెవి జంధ్యం నుంచి విప్పి గోడ మేకుకి తగిలించారు. ఇప్పుడు ఎవరైనా ఆ డిక్కీ తెరవచ్చు. పట్టు కదా, చప్పుడు ఆగింది.

మర్నాడు పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. వెళ్ళకపోతే ఇంకా తప్పు అనిపించి వెళ్ళాను. మూర్తిగారు అరుగు మీద గ్లాసుతో కూర్చుని ఉన్నారు. దుర్గాంబగారు నాకూ ఓ గ్లాసు తెచ్చి ఇచ్చి, గుమ్మంలో నిలబడ్డారు. ఒక గుక్క తాగాను. అందులో పంచదార లేదు. మరిచిపోయే మనిషి కాదావిడ. నేను మాట్లాడకుండా సగం తాగేశాను.

"కాఫీ ఎలా ఉంది కృపారావూ?"

"సేదుగా ఉందమ్మా."

"నేను అడక్కపోతే చెప్పేవాడివి కాదు."

"కాదమ్మా," అన్నాను. ఇంకేమనను.

ఆవిడ లోపలికి వెళ్ళి పంచదార డబ్బా, చెంచా తెచ్చి నా పక్కన పెట్టారు. "ఇకమీదట అడక్కుండా చెప్పు," అన్నారు.

రెండు చెంచాలు వేసుకుని కలుపుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కకి చూస్తే మూర్తిగారు మొహం చిట్లించుకుని గుక్క గుక్కకీ, "బావుంది, బావుంది," అంటూ తాగుతున్నారు.

"అమ్మా, మూర్తిగారి కాఫీలోన కూడా పంచదార నేదండి," అన్నాను, ఎవరూ అడక్కుండానే.

"తెలుసు," అన్నారు దుర్గాంబగారు. డబ్బా మూత పెట్టి లోపలికి తీసుకెళ్ళిపోయారు.